నది పుట్టిన దేశానికే నీళ్లన్నీ సొంతమా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. టెక్కలి వైపు వంశధార ఎడమ కాలువ శివారులో కొంచెం పొలం ఉంది. ఉద్యోగం వల్ల విశాఖలో, మధురవాడలో ఉంటున్నాం. చైనా బ్రహ్మపుత్ర మీద పెద్ద డ్యామ్ కడుతోందని విన్నప్పటి నుంచి ఇంట్లో ఇదే చర్చ. ‘నది వాళ్ల దేశంలో పుట్టింది, నీళ్లు వాళ్లవే’ అంటారు మా బావగారు. ‘అంతర్జాతీయ కోర్టులో కేసు వేస్తే డ్యామ్ ఆగిపోతుంది’ అంటాడు మా అబ్బాయి. ఎవరు రైటు? ఒడిశాతో మనకున్న వంశధార తగువు కూడా ఆ కోర్టుకి వెళ్తుందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ బావగారి మాట చట్టం ముందు నిలవదు. మీ అబ్బాయి మాటలో సగమే నిజం.

కాలువ శివారున పొలం ఉన్నవారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. గెడ్డ పక్కనున్న రైతు తన మడికి నీళ్లు పెట్టుకోవచ్చు. అడ్డంగా గట్టు వేసి కింది మడిని ఎండగడతానంటే మాత్రం ఊరు ఊరుకోదు. వంతు నీళ్ల కోసం మా నాన్నగారి వెంట లాంతరు పట్టుకుని రాత్రంతా గట్టు మీద కూర్చున్నవాణ్ణి నేను, అందుకే ఈ విషయం నాకు పుస్తకాల కంటే ముందే తెలుసు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 7వ సెక్షన్ చెప్పేదీ ఇదే. సహజంగా పారే నీటిని ఒడ్డున భూమి ఉన్న ప్రతివారూ వాడుకోవచ్చు, తనలాంటి మిగతావారికి చెప్పుకోదగ్గ నష్టం జరగనంత వరకు. దేశాల మధ్య పారే నదులకూ మూలసూత్రం ఇదే.

మీ బావగారి వాదన పాతదే. 1895లో అమెరికా అటార్నీ జనరల్ జడ్సన్ హార్మన్ అచ్చం ఇలాగే అన్నారు. రియో గ్రాండే నది నీళ్లు పైన అమెరికా రైతులు వాడేసుకుంటుంటే కింద మెక్సికో రైతులు అల్లాడిపోయారు. మా భూమి మీద పారే నీటికి మేము ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదన్నది ఆయన ఇచ్చిన అభిప్రాయం. అయినా 1906లో అదే అమెరికా ఏటా 60,000 ఎకరా అడుగుల (ఎకరంలో అడుగు లోతున నిలిచేంత నీరు ఒక ఎకరా అడుగు) నీళ్లు మెక్సికోకి ఇస్తామని ఒప్పందం రాసుకుంది. ఈరోజు ఆ వాదాన్ని న్యాయస్థానాలు ఒప్పుకోవు.

1997లో ఐక్యరాజ్యసమితి ఈ విషయం మీద ఒక ఒప్పందం తెచ్చింది. న్యాయంగా, సబబుగా పంచుకోవాలి, పక్క దేశానికి తీవ్రమైన నష్టం కలిగించకూడదు, పెద్ద పని మొదలుపెట్టే ముందు చెప్పాలి, నీటి లెక్కలు ఇచ్చిపుచ్చుకోవాలి. దాని సారం ఇంతే. 103 దేశాలు అవునన్నాయి. కాదన్నవి మూడే, వాటిలో చైనా ఒకటి. మన దేశం ఓటు వేయకుండా తటస్థంగా ఉండిపోయింది. 2014లో అమల్లోకి వచ్చినా, చైనా గానీ మనం గానీ అందులో చేరలేదు కాబట్టి ఆ కాగితం ఇద్దరినీ కట్టిపడేయదు. కానీ అందులోని అసలు సూత్రాలు దేశాల మధ్య ఆచారంగా స్థిరపడ్డాయి, ఆచారం సంతకం చేయనివారికీ వర్తిస్తుంది. డాన్యూబ్ నది నీళ్లలో 80 నుంచి 90 శాతం చెకొస్లొవేకియా తనవైపు మళ్లించడం తప్పని, హంగరీకి దక్కాల్సిన న్యాయమైన వాటా పోయిందని హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం 1997 సెప్టెంబరులో చెప్పింది. ఒప్పుకున్న పనులు మధ్యలో ఆపేసినందుకు హంగరీదీ తప్పేనంది.

మనవాళ్లకు రుచించని సంగతి ఒకటుంది. కింద ఉన్న దేశం వద్దన్నంత మాత్రాన పైదేశం పని ఆపక్కర్లేదు. 1957లో ఫ్రాన్స్‌లోని లాను సరస్సు నీళ్లు మళ్లించే పనికి స్పెయిన్ ఇలాగే అడ్డుపడితే, ఫ్రాన్స్ స్పెయిన్ అనుమతి తీసుకోవాల్సిన పని లేదని మధ్యవర్తులు తేల్చారు. మంచి మనసుతో మాట్లాడాలి, అవతలివారి అవసరాన్ని లెక్కలోకి తీసుకోవాలి, అంతవరకే.

ఇక కోర్టు. మన జిల్లా కోర్టులో దావా వేస్తే అవతలివాడు ఇష్టం లేకున్నా రావాలి. హేగ్‌లో అలా కాదు, రెండు దేశాలూ ఏదో ఒక రూపంలో ఒప్పుకుంటేనే కేసు నడుస్తుంది. చైనా ఆ కోర్టు అధికారానికి ముందస్తుగా తలూపలేదు. మనమూ కామన్వెల్త్ దేశాలతో తగువులు అక్కడికి రావని షరతు పెట్టుకున్నాం. కాబట్టి పాకిస్తాన్, బంగ్లాదేశ్ మన మీద అక్కడికి వెళ్లడమూ కష్టమే. పాకిస్తాన్‌తో 1960 నాటి సింధు ఒప్పందంలోనే మధ్యవర్తుల ఏర్పాటు ఉంది. 2013లో కశ్మీర్‌లోని కిషన్‌గంగ నది మీద మన విద్యుత్ ప్రాజెక్టుకు అనుమతి వచ్చింది ఆ మధ్యవర్తుల దగ్గరే. కిందికి సెకనుకు కనీసం 9 ఘనపు మీటర్ల నీరు వదలాలన్న షరతూ అక్కడే పడింది. ఆ ఒప్పందాన్ని 2025 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం పక్కన పెట్టింది.

అందుకని బ్రహ్మపుత్ర విషయంలో కోర్టు కంటే నీటి లెక్కల కోసం గట్టిగా పట్టుబట్టాలని నా అభిప్రాయం. 2000 సంవత్సరంలో టిబెట్‌లో కొండచరియ విరిగిపడి బ్రహ్మపుత్ర ఉపనదికి అడ్డంగా కట్టలా నిలిచింది. జూన్‌లో అది తెగి అరుణాచల్ ప్రదేశ్‌ను వరద ముంచేసింది. పైన నీటిమట్టం ఎంతుందో ముందే తెలిస్తే ప్రాణాలు కాపాడుకోవచ్చు. వరదకాలంలో చైనా ఆ వివరాలు ఇచ్చేలా 2002లో ఒక అవగాహన కుదిరింది, 2023లో గడువు తీరిపోయింది. డ్యామ్ పనులేమో 2025 జూలైలో మొదలయ్యాయి. ఇక్కడే నాకు టెన్షన్.

గంగ దగ్గరకొస్తే పశ్చిమ బెంగాల్‌లోని ఫరక్కా బ్యారేజీ వద్ద మనమే పైవాళ్లం. 1996 డిసెంబరులో బంగ్లాదేశ్‌తో 30 ఏళ్లకు రాసుకున్న ఒప్పందం ప్రకారం, జనవరి నుంచి మే వరకు ప్రవాహం 70,000 క్యూసెక్కులు, అంతకన్నా తక్కువ ఉంటే చెరి సగం. చైనాను మనం ఏం అడుగుతున్నామో, బంగ్లాదేశ్ మనల్ని అదే అడుగుతుంది. ఇవ్వడానికి మనం సిద్ధపడితేనే అడగడానికి నోరు వస్తుంది.

వంశధార తగువు హేగ్‌కు వెళ్లదు, అది దేశం లోపలి నది. రాజ్యాంగం 262వ అధికరణ, 1956 నాటి అంతర్రాష్ట్ర నదీజల వివాదాల చట్టం ప్రకారం ట్రిబ్యునల్ తేల్చాలి. 2017లో తేల్చింది కూడా. నీళ్లు చెరి సగం, వంశధార మీద నేరడి బ్యారేజీని మన రాష్ట్రం కట్టుకోవచ్చు. ట్రిబ్యునల్ ముందుకు రాష్ట్ర ప్రభుత్వమే వెళ్లాలి, మీరు నేరుగా వెళ్లలేరు.

కానీ మీ శివారు పొలానికి నీళ్లు అందకపోతే ఆ తప్పు ఒడిశాది కాకపోవచ్చు. గొట్టా బ్యారేజీ నుంచి ఎడమ కాలువకు ఏ రోజు ఎన్ని క్యూసెక్కులు వదిలారో, మీ డిస్ట్రిబ్యూటరీకి ఎంత వచ్చిందో సమాచార హక్కు చట్టం కింద జలవనరుల శాఖను అడగండి. జవాబు చేతికొచ్చాక మీ నీటి వినియోగదారుల సంఘం తీర్మానంతో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. అప్పటికీ కదలిక లేకపోతే 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేయవచ్చు. ఆ లెక్కల కాగితాలు లేకుండా మాత్రం హైకోర్టు మెట్లు ఎక్కకండి.