లోపం దొరికింది సరే, పూడ్చడం కూడా నేర్చుకోనివ్వండి

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు దగ్గర పల్లె. రొయ్యల చెరువులు చేస్తాం. మా అబ్బాయి ఒంగోలులో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం. ఫోన్లలో వాడే ఒక చిన్న బ్రౌజర్‌లో భద్రతా లోపం కనిపెట్టాడట. కోడ్ అందరికీ అందుబాటులో ఉన్న బ్రౌజరే. కంపెనీకి రాసి 20 రోజులైనా జవాబు రాలేదని, ఇక బయటపెట్టేస్తానని అంటున్నాడు. కేసవుతుందేమోనని మా భయం. పైగా ఎథికల్ హ్యాకింగ్ కోర్సుకు 80 వేలు అడుగుతున్నాడు. కట్టమంటారా?

జవాబు: ముందు డబ్బు సంగతి. కోర్సుకు కట్టకండి. అందులో కొంత పెట్టి అతని ల్యాప్‌టాప్‌లో మెమరీ పెంచండి. ఎందుకో చెబుతాను.

మీరు జతచేసిన వీడియో చూశాను. పైన అడ్రస్ బార్‌లో బ్యాంకు చిరునామా ఉంది, కింద ఉన్న పేజీ మాత్రం మీ అబ్బాయి తయారుచేసింది. కొత్త పేజీ రాకముందే ఆ బ్రౌజర్ చిరునామా మార్చేస్తోంది. రావలసిన పేజీ దారిలో ఆగిపోతే పాత పేజీ నెత్తిన కొత్త పేరు నిలిచిపోతోంది. పాస్‌వర్డ్ కొట్టే మనిషి నమ్మేది ఆ ఒక్క గీతనే కాబట్టి ఇది అసలైన లోపమే. అబ్బాయి చూపు చురుకైనదండీ.

ఇక అతను తేల్చుకోవలసింది, ఈ రోగం హేచరీ నుంచి తెచ్చిన రొయ్య పిల్లలదా (సీడ్‌దా), చెరువుదా అని. చిన్న బ్రౌజర్లు చాలావరకు పేజీలను తెరిచి చూపే ఇంజన్‌ను సొంతంగా రాసుకోవు. గూగుల్ 2008లో బయటపెట్టిన క్రోమియం కోడ్ తెచ్చుకుని పైన తమ హంగులు కట్టుకుంటాయి. ఎడ్జ్, ఒపెరా, బ్రేవ్ కూడా ఆ హేచరీ పిల్లలే. సీడ్‌లో వైట్‌స్పాట్ వైరస్ ఉంటే హేచరీ వారు తమ ట్యాంకులు కడుక్కున్నంత మాత్రాన మీ చెరువు బాగుపడదు కదా. 2023 సెప్టెంబరులో సరిగ్గా అదే జరిగింది. వెబ్‌పీ రకం బొమ్మ ఫైళ్లను తెరిచే లిబ్‌వెబ్‌పీ కోడ్‌లోని లోపాన్ని యాపిల్ భద్రతా బృందం, టొరంటో విశ్వవిద్యాలయంలోని పరిశోధన సంస్థ సిటిజన్ ల్యాబ్ 6న గూగుల్‌కు తెలిపాయి. క్రోమ్ 11న, ఫైర్‌ఫాక్స్ 12న సవరణ ఇచ్చాయి. అదే కోడ్ కలుపుకున్న మిగతా సాఫ్ట్‌వేర్లు మాత్రం ఎవరికి వారు సరిచేసుకోవలసి వచ్చింది. ఈలోగా విడుదలైన సవరణను చదివి లోపం ఎక్కడుందో పసిగట్టేవారూ ఉంటారు.

కాబట్టి అదే పేజీని మామూలు క్రోమియంలో తెరిచి చూడమనండి. అక్కడ మోసం పారకపోతే తప్పు చిన్న బ్రౌజర్ పైకట్టుదే. అప్పుడు దాని కోడ్ దించుకుని, పేజీ నిజంగా వచ్చాకే చిరునామా మారేలా సవరించాలి. ఇక్కడే మెమరీ కావాలి. క్రోమియం లాంటి దాన్ని బిల్డ్ చేయడానికి, అంటే కోడ్ నుంచి నడిచే ప్రోగ్రాం తయారుచేయడానికి, 100 జీబీ ఖాళీ డిస్కు, 16 జీబీకి పైగా మెమరీ ఉంటే మంచిది. హాస్టల్ ల్యాప్‌టాప్‌లో రాత్రి మొదలుపెడితే తెల్లవారినా ముగియకపోవచ్చు. సవరణతో పాటు ఒక పరీక్ష కూడా రాయాలి. అది పాత కోడ్ మీద విఫలం కావాలి, కొత్త కోడ్ మీద నెగ్గాలి. మా దగ్గరికి వచ్చే పిల్లలు తొంభై పాళ్లు ఎగ్గొట్టేది ఈ పనినే. ఇంటర్వ్యూలో ఎదుటివారు ముందుగా వెతికేదీ దీన్నే.

పూర్తయ్యాక సవరణను అందరికీ కనిపించే చోట పెట్టకూడదు. అలా పెడితే లోపాన్ని చాటింపు వేసినట్టే. భద్రతా విషయాలకు ఆ బ్రౌజర్‌వారు ఇచ్చిన చిరునామాకే విడిగా పంపాలి. 20 రోజులు తక్కువ గడువు. సాఫ్ట్‌వేర్ లోపాలు వెతికే గూగుల్ ప్రాజెక్ట్ జీరో వంటి బృందమే మామూలుగా 90 రోజులు ఇస్తుంది. మళ్లీ రాసినా ఉలుకూ పలుకూ లేకపోతే కంప్యూటర్ భద్రత చూసే మన ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయవచ్చు. ఇలాంటి ఫిర్యాదులను కంపెనీలతో మాట్లాడి తేల్చడం దాని పనుల్లో ఒకటి.

కేసు భయం గురించి: తన ఫోనులో, తాను తయారుచేసిన పేజీతో పరీక్షించినంతవరకు అతను ఎవరి కంప్యూటర్‌లోకీ చొరబడలేదు. సరదాకైనా స్నేహితుడి ఫోను మీదో, బ్యాంకు సర్వర్ మీదో అనుమతి లేకుండా ప్రయత్నిస్తే మాత్రం ఐటీ చట్టం 2000లోని 66వ సెక్షన్ ఉంది. ఉద్దేశం మోసపూరితమని తేలితే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఈ మాట మీరే గట్టిగా చెప్పండి, తండ్రి చెబితే వేరు.

ఉద్యోగం సంగతి దాచకుండా చెబుతాను. బ్రౌజర్ భద్రతలో ఫ్రెషర్లకు ఖాళీలు తక్కువ. నెల్లూరులో అయితే ఆశ పెట్టుకోవద్దు, హైదరాబాదో బెంగళూరో వెళ్లాలి. క్యాంపస్‌లో మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తే చేరిపోమనండి. సాయంత్రాలు సీ ప్లస్ ప్లస్, ఆ తర్వాత రస్ట్. క్రోమియంలో తీవ్రమైన భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీని తప్పుగా వాడినందువల్ల వచ్చినవేనని ఆ బృందమే 2020లో ప్రకటించింది, ఆ తప్పులకు దారిచ్చే భాష మొదటిది, వాటిని చాలావరకు అడ్డుకునేది రెండోది. లోపాలు చూపినందుకు ఇచ్చే బౌంటీ డబ్బును ఆదాయంగా లెక్క కట్టుకోవద్దు. చిన్న బ్రౌజర్‌వారు అసలు ఇవ్వకపోవచ్చు.

అన్నట్టు, రొయ్యల డబ్బు మీ ఖాతాలో పడిందో లేదో చూసుకునే ఫోనులో ఏ బ్రౌజర్ ఉంది? ఈసారి సెలవులకు అబ్బాయి వచ్చినప్పుడు అతని చేతే దాన్ని అప్‌డేట్ చేయించుకోండి.