ఎల్‌సీ తీసుకున్నవాళ్లే వాపసు ఇవ్వాలి

కర్నూలు

తమ్ముడికి అన్న ఆశీస్సులు.

పెనుకొండ వైపు కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో మన పాప లైన్ లీడర్ అయిందని చెప్పావు. ఫోన్‌లో నీ గొంతులో సంతోషం కంటే టెన్షనే ఎక్కువ వినపడింది. కింద పద్దెనిమిది మంది, సగం మంది తనకంటే పెద్దవాళ్లు, రోజూ రాత్రి ఏదో ఒక తలనొప్పి చెప్తుంది, ఏం సలహా ఇవ్వాలన్నా అని అడిగావు. అప్పుడు మాట తోచలేదు, అందుకే రాస్తున్నా.

ముందు నేను చేసిన తప్పు విను. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలును ముంచేనాటికి నేను రిటైరై ఏడాది. మావాడు అదే కరెంటు పనిలో కొత్తగా ఒక సెక్షన్ చూస్తున్నాడు. నీళ్లు పోయాయి, బురద మిగిలింది. పెద్దమ్మ వాళ్ల వీధిలో రోజులు గడిచినా కరెంటు రాలేదు. వాడికి ఫోన్ చేసి, "ట్రాన్స్‌ఫార్మర్ బాగానే ఉంది కదరా, సప్లై ఇచ్చేయ్" అన్నా. "ఇళ్లలో మీటరు బోర్డులు ఇంకా తడిగా ఉన్నాయి నాన్నా. ఇల్లిల్లూ చూసేదాకా ఇవ్వను" అన్నాడు.

నేను ఊరుకున్నానా? వాడి కింద పనిచేసే పాత లైన్‌మన్‌కు ఫోన్ కొట్టా. నా దగ్గర పని నేర్చుకున్న మనిషే. ఆయన పాపం ఎవరి మాట వినాలి? అందరి ముందూ "పెద్దసారు ఇమ్మన్నారు" అన్నాడట. సప్లై మాత్రం మావాడు ఇవ్వలేదు. బోర్డులు విప్పి చూస్తే కొన్నిట్లో బురద అట్లే ఉందని తర్వాత తెలిసింది. ఆ రాత్రి ఇంటికొచ్చి నాతో ఒక్క మాట మాట్లాడలేదు, తిని పడుకున్నాడు. తిట్టినా బాగుండేది.

మా పనిలో లైన్ క్లియర్, అదే ఎల్‌సీ, అని ఉంటుంది, నీకు తెలుసు. స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ తీసుకుంటాం, లైన్ ఆపుతారు. పని అయ్యాక తీసుకున్నవాడే వాపసు ఇవ్వాలి. మధ్యలో ఇంకొకడు దూరి "అయిపోయింది, కరెంటు వదలండి" అంటే పైనున్నవాడి ప్రాణం పోతుంది. ముప్పై ఏళ్లు కుర్రాళ్లకు ఈ రూలు నేర్పినవాణ్ణి, కొడుకు దగ్గర మర్చిపోయా.

పాప రాత్రిపూట చెప్పేదాంట్లో సగం నిన్ను అడగడం కాదు, బరువు దించుకోవడం. "అట్లనా, మరి నువ్వేం చేద్దామనుకుంటున్నావు?" అని అడిగి నోరు మూసుకో. కష్టమే, నాకు ఇప్పటికీ కష్టమే. అడిగితే మాత్రం చెప్పు, అదీ నీ అనుభవంలో జరిగినదిగా చెప్పు, ఆర్డరుగా వద్దు.

ఇంకొకటి, చుట్టాలు. లీడర్ అయిందని తెలియగానే మా పిల్లోడికి అక్కడ ఉద్యోగం ఇప్పించమని వరుసగా వస్తారు. "పాపకు చెప్తాలే" అన్నావంటే నువ్వు పెద్దమనిషివి అవుతావు, ఆ పిల్ల ఇరుక్కుంటుంది. ఆ చెడ్డపేరేదో నువ్వే మోయి. మన మేనత్త కొడుకు వస్తాడు చూడు, ముందు అతనికే చెప్పేయ్.

మరదలికి కూడా ఒక మాట. సెలవుకొచ్చినప్పుడు పాప ఫోన్‌లో గట్టిగా మాట్లాడితే "ఆడపిల్లవి, మెల్లగా" అనొద్దని చెప్పు. పోయినసారి నేను విన్నా. తన కింద పనిచేసే పెద్దాయనతో "అన్నా, పొద్దున్నే నువ్వే చూడాల, నేను వచ్చి అడుగుతా" అంది. అన్నా అనడం మానలేదు, పని అప్పజెప్పడమూ మానలేదు. చెడిపోయిన సరుకు గురించి కూడా "నేనే చూసుకోలేదు సార్" అని పైవాళ్లకు చెప్పింది, కిందివాళ్ల పేరు ఎత్తలేదు. అది నువ్వు నేర్పావో మరదలు నేర్పిందో నాకు తెలియదు.

నైట్ షిఫ్ట్ వారాల్లో పగలు ఫోన్ చేసి నిద్ర లేపకండి. శనక్కాయల పొడి మీ వదిన కొట్టి పెట్టింది, వచ్చే ఆదివారం మావాడు అనంతపురం వస్తున్నాడు, పంపిస్తా. పాపకు సగం దాచు, నువ్వే తినేయొద్దు.

మీ అన్న