గొట్టం చివర ఎర్ర చుక్క, చుట్టూ అంతా నీలం: ఆ పటాన్ని ఎలా చదవాలి?

ప్రశ్న: మాది కళింగపట్నం దగ్గరి మత్స్యకార గ్రామం. నేను డిగ్రీలో గణితం చదివాను. మా తీరంలో రాబోయే ఒక పరిశ్రమ శుద్ధి చేసిన వ్యర్థ జలాన్ని గొట్టం ద్వారా సముద్రంలోకి వదులుతుందట. ప్రజాభిప్రాయ సేకరణకు ముందు ఇచ్చిన నివేదికలో ఒక రంగుల పటం ఉంది. గొట్టం చివర ఎర్ర చుక్క, దాని చుట్టూ కొద్దిగా పసుపు, ఆపైన అంతా నీలమే. కంప్యూటర్ వేసిన లెక్క కనుక సందేహం అక్కరలేదంటున్నారు. ఈ లెక్క ఎలా వేస్తారు? ఎంతవరకు నమ్మవచ్చు?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఆ పటం తప్పని ఇక్కడినుంచి చెప్పలేను. అయితే లెక్క కోసం సముద్రాన్ని విభజించిన గడి ఎంత పెద్దదో, అందులో వాడిన ప్రవాహం ఏ నెలదో తెలియనంత వరకు, వ్యర్థం బాగా పలచబడిందని చూపే ఆ నీలం రంగుకు అర్థం లేదు.

సముద్రంలో పడిన పదార్థాన్ని ప్రవాహం మోసుకుపోతుంది. సుడులు, అలలు దానిని చుట్టూ ఉన్న నీటిలో కలిపి పలచబరుస్తాయి. ఈ రెండింటినీ కలిపి పాక్షిక అవకలన సమీకరణంగా, అంటే చోటును, కాలాన్ని బట్టి వచ్చే మార్పులను చెప్పే సమీకరణంగా రాస్తారు. తీరరేఖ, లోతు, గాలి, పోటుపాట్లు అన్నీ మారుతూ ఉండగా దానిని కాగితం మీద సాధించడం అసాధ్యం కనుక, సముద్రాన్ని గళ్ళుగా విభజించి, ఒక్కో గడిలోకి ఎంత పదార్థం వచ్చిందో, ఎంత బయటికి పోయిందో కొద్ది సెకన్లకో నిమిషాలకో ఒకసారి, అంచెలంచెలుగా లెక్కకడుతూ పోతారు. ఇలాంటి కంప్యూటర్ లెక్కనే నమూనా అంటారు. ఒక్కో అంచెలో నీరు ఒక గడిని మించి దాటిపోతే ఇటువంటి సరళమైన లెక్క అదుపు తప్పుతుందని గణితవేత్తలు కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ 1928లోనే చూపారు. అలా అదుపు తప్పినప్పుడు అర్థం లేని అంకెలు వస్తాయి కనుక ఆ పొరపాటు వెంటనే పట్టుబడుతుంది. పట్టుబడని పొరపాటు గడి పరిమాణంలో దాగి ఉంటుంది.

ఒక కిలో పదార్థం సముద్రంలో పడిందనుకోండి. లోతు పది మీటర్లు, గడి పొడవు, వెడల్పు ఒక్కొక్క కిలోమీటరు అయితే అందులో వెయ్యి కోట్ల లీటర్ల నీరుంటుంది. పదార్థం ఆ గడి అంతటా సమంగా కలిసిపోయిందనే కంప్యూటర్ భావిస్తుంది కాబట్టి లీటరుకు 0.1 మైక్రోగ్రామే వస్తుంది. అదే గడిని యాభై మీటర్లకు తగ్గిస్తే లీటరుకు 40 మైక్రోగ్రాములు, అంటే నాలుగు వందల రెట్లు. సముద్రంలో మారింది ఏమీ లేదు.

దీనికి తోడు, ప్రవాహం వచ్చే వైపు గడిని మాత్రమే చూసే సులభ పద్ధతిని వాడితే లెక్క తానే కొంత కృత్రిమ వ్యాపనాన్ని, అంటే సముద్రంలో జరగని పలచబడటాన్ని, కలుపుతుంది. దాని విలువ గరిష్ఠంగా ప్రవాహ వేగాన్ని గడి వెడల్పుతో హెచ్చించి రెండుతో భాగించినంత ఉంటుంది. సెకనుకు 0.3 మీటర్ల ప్రవాహానికి, కిలోమీటరు గడికి అది సెకనుకు 150 చదరపు మీటర్లు. సముద్రంలో రంగు కలిపి చేసిన ప్రయోగాల కొలతలను సముద్ర శాస్త్రవేత్త అకిరా ఒకుబో 1971లో క్రోడీకరించారు. వాటి ప్రకారం కిలోమీటరు మేర పరుచుకున్న మరకకు అసలు విలువ సెకనుకు ఒక చదరపు మీటరు ప్రాంతంలోనే ఉంటుంది. ఇంత తేడా ఉన్నచోట పసుపు త్వరగా నీలంగా మారిందంటే ఆ ఘనత సముద్రానిదో లెక్కదో తేల్చుకోవలసిందే. మంచి నిపుణులు మెరుగైన పద్ధతులను, గొట్టం దగ్గర చిన్న గళ్ళను వాడి దీనిని తగ్గిస్తారు. అలా చేశారా అని అడగడం మీ హక్కు.

ఇక మన తీరానికి ప్రత్యేకమైన విషయం. బంగాళాఖాతపు పశ్చిమ అంచు వెంట ప్రవాహం సుమారు ఫిబ్రవరి నుంచి మే వరకు ఈశాన్యంగా, బారువ వైపు సాగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఎదురు తిరిగి కోనాడ, భీమిలి వైపు పోతుంది. సెకనుకు 0.3 మీటర్ల వేగమైనా ఒక రోజులో దాదాపు 26 కిలోమీటర్లు. మార్చిలో మాత్రమే కొలిచిన ప్రవాహంతో వేసిన పటం నవంబరులో దక్షిణాన వేట సాగించే పల్లెల గురించి ఏమీ చెప్పదు. వంశధారకు వరద వచ్చినప్పుడు మరొక చిక్కు ఉంది. తేలికైన మంచినీరు ఉప్పునీటి మీద పొరగా పరుచుకుని పైనీటినీ అడుగునీటినీ కలవనివ్వదు. అప్పుడు అడుగున వదిలిన వ్యర్థ జలం పైకి రాకుండా మధ్యలోనే నిలిచిపోవచ్చు. లోతు మొత్తాన్ని ఒకే పొరగా తీసుకునే నమూనాకు ఈ సంగతి తెలిసే వీలే లేదు.

పర్యావరణ ప్రభావ అంచనాకు సంబంధించిన 2006 నోటిఫికేషన్ ప్రకారం నివేదిక సారాంశం స్థానిక భాషలో కూడా ఉండాలి. అందులో గడి కొలత, పొరల సంఖ్య, ప్రవాహాన్ని కొలిచిన నెలలు కనిపించకపోతే వాటిని లిఖితపూర్వకంగా అడగండి. నమూనా చెప్పిన వేగాన్ని సముద్రంలో పరికరంతో కొలిచిన వేగంతో పోల్చిన పట్టికను కూడా కోరండి. తెగిపోయిన వలలు ఏ నెలలో ఏ ఊరి ఒడ్డుకు చేరాయో మీ పెద్దలకు గుర్తుండే ఉంటుంది. అవి పైనీటి, గాలి కదలికనే చెబుతాయి, అయినా నమూనా చూపిన దిశను సరిచూడటానికి అవి విలువైన సాక్ష్యమే. నెలల వారీగా రాసుకుని, మీ ప్రశ్నలతో పాటు సమర్పించండి.