పుట్టింటికి అడ్డం డబ్బు కాదు

చెన్నై కొరుక్కుపేట నుంచి ఒక సోదరి రాశారు. భర్త పనిచేసే కంపెనీ మూతపడింది. కొన్నాళ్ళు ఖాళీగా ఉండి, ఇప్పుడు సగం జీతానికి మరోచోట చేరారు. తొమ్మిదేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు. అద్దె కట్టి, స్కూలు ఫీజు బాకీ తీర్చేసరికి చేతిలో ఏమీ మిగలడం లేదు. తోడికోడలు వాళ్ళు ఊటీ వెళ్ళి రోజూ ఫొటోలు పెడుతున్నారు. ఎదురింటి పిల్లలు సమ్మర్ క్యాంపులో చేరారు. "పైసా ఖర్చు లేకుండా మా పిల్లలకు సెలవులు సరదాగా గడవాలంటే ఏం చేయాలి?" అని అడుగుతున్నారు.

అమ్మా, మీరు అడిగినదానికి ముందు జవాబు చెప్పేస్తాను. అది పెద్ద సమస్యేమీ కాదు. వైట్ బోర్డు పెట్టుకున్న మామూలు సిటీ బస్సుల్లో 2021 నుంచి ఆడవాళ్ళకు టికెట్ లేదు, బాబుకు ఒక్కడికే కొట్టించాలి. తెల్లవారుజామున మెరీనాకు తీసుకెళ్ళండి, ఎండ ముదరకముందే ఇల్లు చేరండి. మధ్యాహ్నం ఇంట్లో ఉండలేని రోజున కోట్టూరుపురంలో అన్నా సెంటినరీ లైబ్రరీ ఉంది. పిల్లల పుస్తకాలకు అక్కడ విడిగా పెద్ద విభాగం ఉంది, పైగా ఏసీ. కూర్చుని చదువుకోవడానికి ఎవరూ డబ్బు అడగరు. ఎగ్మూరు మ్యూజియానికి చిన్న టికెట్టే, శుక్రవారం సెలవు. అక్కడి తిమింగలం అస్థిపంజరం చూశాక మీవాడు వారం రోజులు దాని గురించే మాట్లాడతాడు. ఇక ఊటీ ఫొటోలు మీరు చూడ్డం మానేయండి. ఈ ప్రశ్నకు ఇంతే.

నేను ఆగిపోయింది మీ ఉత్తరం చివర, ఏదో మాటవరసకు అన్నట్టు రాసిన నాలుగు వాక్యాల దగ్గర. మీ పుట్టిల్లు సూళ్ళూరుపేట. రెండు వేసవులుగా వెళ్ళలేదు. "మన పరిస్థితి మీవాళ్ళకు తెలిస్తే నా తల కొట్టేసినట్టుంటుంది" అన్నారట మీవారు. అందుకని అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఆయనకు లీవు దొరకలేదని చెబుతున్నారు. మొన్న పాప వచ్చి "అమ్మమ్మ మనల్ని రావద్దందా?" అని అడిగింది.

ఆ పిల్ల అడిగింది చూశారా! మీరిద్దరూ కలిసి దాచిన సంగతికి తనకు తోచిన కారణం తనే వెతుక్కుంది. తప్పు తీసుకెళ్ళి అమ్మమ్మ మీద పెట్టింది. అవతల మీ అమ్మగారు ఏమనుకుంటున్నారో ఆలోచించారా? అల్లుడు పంపడం లేదనుకుంటున్నారో, కూతురికే మనసు విరిగిందనుకుంటున్నారో. మీ వదిన, తన మాట ఏదైనా మీకు తగిలిందేమోనని లోపల నలుగుతూ ఉండొచ్చు. ఒక్క అబద్ధానికి ఇంతమంది కుమిలిపోతున్నారు.

కొరుక్కుపేటలో సూళ్ళూరుపేట దాకా వెళ్ళే లోకల్ రైలు ఎక్కితే ఎన్నూరు, పొన్నేరి, గుమ్మిడిపూండి, తడ దాటి నేరుగా అక్కడే దిగుతారు. రెండు గంటల ప్రయాణం. ఆ టికెట్ డబ్బులు మీ దగ్గర లేవంటే నేను నమ్మను. కాబట్టి మీకు అడ్డం డబ్బు కాదు.

ఉత్తరంలో ఇంకో మాట కూడా ఉంది, మీరు గమనించకుండానే రాసినట్టున్నారు. ఉద్యోగం పోయిన వారంలోనే మీ బావగారికి, తోడికోడలికి అంతా తెలుసు. ఆయన తరఫువాళ్ళకు తెలియవచ్చు, మీ తరఫువాళ్ళకు తెలియకూడదు! ఇదెక్కడి న్యాయం? కష్టం ఇద్దరిదీ అయినప్పుడు చెప్పుకుని ఏడ్చే హక్కు ఒకరికే ఉంటుందా? ఇన్నాళ్ళూ మీరు దీన్ని భార్యగా మీ బాధ్యత అనుకుని మోశారు. భర్త గౌరవం కాపాడటం బాధ్యతే, కాదనను. కానీ కన్నతల్లికి రెండేళ్ళపాటు అబద్ధాలు చెప్పించేది గౌరవం కాదు. కంపెనీ మూతపడటం ఆయన చేసిన తప్పు కాదు. సగం జీతానికైనా పనికి వెళుతున్న మనిషి తల దించుకోనక్కర్లేదు. అల్లుడి జీతం చూసి విస్తరి వేసే అత్తగార్లు లోకంలో లేరని నేను అనను. మీ అమ్మగారు అలాంటివారని మాత్రం మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

పిల్లలు పడుకున్నాక ఆయనతో మాట్లాడండి. అనుమతి అడగకండి, చెప్పండి: "అమ్మకు నేను చెబుతున్నాను. పిల్లల్ని పది రోజులు తీసుకెళుతున్నాను." కోపం వస్తుంది, రానివ్వండి. రెండేళ్ళు మీరు మింగారు, ఆయన రెండు రోజులు మింగలేరా? ఆ తర్వాత అమ్మకు మీరే ఫోన్ చేయండి. అన్నయ్య ద్వారా కాదు, వాట్సాప్‌లో అసలే కాదు.

వెళ్ళాక అన్నయ్యను అప్పు అడగకండి. ఈ ఒక్కసారికి డబ్బు మాట మీ నోట రానే కూడదు. వస్తుంటే అమ్మ గుప్పిట్లో ఏదో పెడుతుంది, అది తల్లీకూతుళ్ళ సంగతి. ఉత్తచేతులతో ఎలా వెళ్ళడం అని ఆలోచిస్తున్నారా? అమ్మకో మూర, వదినకో మూర మల్లెపూలు చాలు. స్వీటు డబ్బాల లెక్క ఈ ఏడు వద్దు.

ఆ ఇంట్లో వేసవి పనంతా మీ వదిన నెత్తిన ఉంటుందని మరవకండి. మీరు చుట్టంలా కూర్చుంటే ముగ్గురు మనుషుల చాకిరీ ఆమెకు అదనం. ఇది వడియాలు పెట్టే కాలం. ఆమెకంటే ముందు లేచి పిండి ఉడికించండి. జీలకర్ర, పచ్చిమిర్చి ముద్ద కలిపి, ఎండెక్కకముందే మేడమీద తడి పంచె పరిచి ఇద్దరూ కూర్చుని పెట్టండి. కాకుల్ని తోలడానికి పిల్లలకు చెరో కర్ర ఇవ్వండి, మధ్యలో పచ్చి వడియాల పిండి నాకనివ్వండి. ఏ క్యాంపులోనూ ఇది నేర్పరు. సాయంత్రం కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడికి వెళ్ళిరండి. తాటిముంజలు దొరికే రోజులు, అన్నయ్య ఎలాగూ తెస్తాడు. మీ అదృష్టం బాగుండి ఆ రోజుల్లో శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరితే మేడమీదినుంచే చూస్తారు. ఊటీలో అది కనబడదు.

మే 4న కర్తరి, అంటే ఏడాదిలో ముదురు ఎండల రోజులు, మొదలవుతుంది. ఆలోపే బయలుదేరండి, పొద్దున లోకల్‌కే వెళ్ళండి. పాపకు మాత్రం ఈ రోజే చెప్పండి, అమ్మమ్మ ఎప్పుడూ రమ్మనే అందని, వెళ్ళనిది మనమేనని. నాన్నకు పని పోయిన సంగతి కూడా చెప్పండి. తొమ్మిదేళ్ళ పిల్లకు అర్థమవుతుంది.

పదో రోజు ఆదివారం పడేలా చూసుకుని, మిమ్మల్ని తీసుకెళ్ళడానికి ఆయన్ని రమ్మనండి. రానంటే మళ్ళీ ఒకసారి అడగండి. అత్తగారింట్లో ఒక పూట భోంచేసి, మామగారు ఉద్యోగం సంగతి అడిగితే ఉన్నమాట చెప్పడం ఆయన చేయాల్సిన పని. దాన్ని కూడా మీరు చేసిపెట్టకండి.