కాళ్ళు ఇక్కడ, ఊపిరి అక్కడ

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి "అక్కా, ఇది గోముఖ్ వెళ్తానంటోంది, నువ్వైనా చెప్పవే" అని ఒకటే గోల. నేను వద్దంటాననుకుంది పాపం. హిమాలయాల్లో గంగ పుట్టే చోటికి పోయే ఆ దారిన రెండుసార్లు వెళ్ళొచ్చినదాన్ని, ఏ మొహం పెట్టుకుని వద్దంటాను? శుభ్రంగా వెళ్ళు. ఫోన్లో చెబితే సగం విని సగానికి "సరే సరే" అంటావు కాబట్టి రాసి పంపుతున్నా.

నువ్వు పంపిన ప్లాన్ చూశాను. ఒకరోజు హరిద్వార్ నుంచి గంగోత్రి, మర్నాడు పొద్దున్నే నడక మొదలుపెట్టి సాయంత్రానికి భోజ్‌బాసా, ఆ మర్నాడు గోముఖ్ చూసుకుని అటునుంచి అటే గంగోత్రి. సెలవులు భలే కలిసొచ్చాయని సంబరపడుతున్నట్టున్నావు. 2003లో నేనూ మా స్కూలు టీచర్లూ వేసుకున్న ప్లాను అచ్చం ఇదే. అందరూ గోముఖ్ చూశారు, నేను తప్ప.

ఏం జరిగిందో చెప్తా విను. గంగోత్రి నుంచి చీర్‌బాసా 9 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి భోజ్‌బాసా ఇంకో 5. అందరికన్నా ముందు నేనే నడిచాను. చేరాక కణతల దగ్గర తలనొప్పి మొదలైంది. పొద్దుట్నుంచీ కాఫీ పడలేదు కదా, అదే అనుకున్నాను. మన ఇళ్ళలో ఏ తలనొప్పికైనా మొదటి అనుమానం కాఫీ మీదకే పోతుంది! ఆశ్రమంలో పొగలు కక్కే కిచిడీ పెట్టారు. వాసనకే కడుపులో తిప్పింది. ఎవరికీ చెప్పలేదు. నా ఒక్కదాని మూలంగా అందరూ ఆగిపోతారేమోనని మొహమాటం. రాత్రి రెండుసార్లు వాంతి. తెల్లారాక మాతో వచ్చిన కొండ కుర్రాడు నేను నాలుగడుగులు వేయడం చూసి "మాతాజీ, మీరు కిందికే" అన్నాడు. మారుమాట లేదు. నా సంచీ వాడి భుజానేసుకుని చీర్‌బాసా దాకా దింపాడు. అక్కడ పైన్ చెట్ల నీడన కూర్చున్న గంటకల్లా తలనొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. తిన్నాను కూడా.

మన గుంటూరు సముద్రమట్టానికి 30 మీటర్ల ఎత్తున ఉంటుంది, మీ బెజవాడ ఇంకా పల్లం. గంగోత్రి 3,100 మీటర్ల దరిదాపు, భోజ్‌బాసా 3,800, గోముఖ్ ఇంచుమించు 4,000. అంత ఎత్తున ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువు మనకిక్కడ అందేదాంట్లో 60 శాతం చిల్లర. నీకు ఇరవై ఆరేళ్ళని, రోజూ జిమ్‌కి వెళ్తావని ఆ ఎత్తుకి తెలీదు. ఒంటికి అలవాటు పడటానికి రోజులు కావాలి, అంతే. కాళ్ళు ఇక్కణ్ణుంచే తయారుచేసుకుని వెళ్ళొచ్చు గానీ ఊపిరి మాత్రం అక్కడికెళ్ళి తయారుచేసుకోవాల్సిందే.

కాబట్టి ఇంకో రెండు రోజులు సెలవు అడుగు. ఇవ్వకపోతే ప్రయాణమే అక్టోబరుకి మార్చుకో. మొదటి రాత్రి ఉత్తరకాశీలో, రెండోది హర్సిల్‌లో, మూడోది గంగోత్రిలో పడుకో. హర్సిల్ 2,600 మీటర్ల దగ్గరుంటుంది, ఆపిల్ తోటల ఊరు, ఊరికే తిరగడానికి కూడా బాగుంటుంది. 2018లో నేను అలాగే వెళ్ళాను, అప్పటికి యాభై తొమ్మిదేళ్ళు. తలనొప్పి లేదు, ఏమీ లేదు. ఎత్తు పడని వాళ్ళు వేసుకునే డయామాక్స్ బిళ్ళల సంగతి డాక్టర్ని అడిగి తేల్చుకో. సల్ఫా మందులు నీకు పడవేమోనని నా అనుమానం, చిన్నప్పుడు ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయి. అది డాక్టరుకి తప్పకుండా చెప్పు.

తలనొప్పితో పాటు అన్నం సయించకపోయినా, వికారంగా ఉన్నా ఆ రోజు ఇంక పైకి అడుగు వేయకు. తగ్గకపోతే దిగిపో. ముగ్గు గీత లాంటి తిన్నని గీత మీద మడమకి కాలివేలు ఆనించి నడిచి చూడు. తూలావా, లేక కూర్చున్నా ఆయాసం ఆగట్లేదా, తెల్లారేదాకా కూడా ఆగకుండా కిందికి దిగిపోవాలి. నాలాగా మొహమాటపడి దాచావంటే ఊరుకోను.

ఇక కాళ్ళ సంగతి. వారానికి మూడుసార్లు తెల్లవారుజామునే మంగళగిరి వెళ్ళి పానకాలస్వామి మెట్లు ఎక్కి దిగు. వీపున సంచీలో రెండేసి లీటర్ల నీళ్ళ సీసాలు మూడు పెట్టుకో. ఎక్కడం కన్నా దిగడం మీద మనసు పెట్టు, మోకాళ్ళు పట్టేసేది దిగేటప్పుడే. కొన్న బూట్లు ఈ మెట్ల మీదే పాతబడాలి. దిగేటప్పుడు బొటనవేలు ముందుకి తగలకుండా కాస్త వదులుండేవి కొను. నాకు 2018లో రెండు గోళ్ళు నల్లబడి ఊడిపోయాయి. అన్నట్టు, పానకాలస్వామి సగం తాగి సగం మనకి వదిలేస్తాడు కదా, దారిలో నీళ్ళ సీసా దగ్గర నువ్వు ఆ పద్ధతి పెట్టుకోకు. దాహం వేయకపోయినా మొత్తం తాగెయ్.

జులై, ఆగస్టుల్లో మటుకు వద్దు. 2025 ఆగస్టు 5న గంగోత్రి దారిలోనే, హర్సిల్ పక్కన ధరాలీ మీదకి బురద వరద ఎలా దూకిందో టీవీలో చూశావుగా. మే నెలాఖరు, జూన్ మొదట్లో, లేదంటే సెప్టెంబరు నెలాఖరు నుంచి అక్టోబరు మధ్యదాకా. నన్నడిగితే రెండోదే మంచిది, ఆకాశం కడిగినట్టుంటుంది. కాకపోతే రాత్రి గడ్డకట్టే చలి. కాటన్ బట్టలు చెమటకి తడిసి ఒంటికి అంటుకుని చంపుతాయి. పలచటి ఉన్నివి ఒకదానిమీద ఒకటి వేసుకో. మంకీ క్యాప్ పెట్టుకోవడానికి సిగ్గుపడకు.

అడవిశాఖ వాళ్ళ పర్మిట్ లేనిదే లోపలికి పోనివ్వరు. రోజుకి 150 మందికే ఇస్తారు, అది ముందు చూసుకున్నాకే రైలు టికెట్ తీసుకో. డబ్బు ఉత్తరకాశీలోనే నోట్ల రూపంలో దగ్గర పెట్టుకో. గంగోత్రి దాటాక సిగ్నల్ మీద ఆశ వద్దు. మీ అమ్మకి ఆ మాట ముందే చెప్పి వెళ్ళు, లేకపోతే ఆ రెండు రోజులూ నేను పడాలి.

వెళ్ళేటప్పుడు దారిపొడుగునా భాగీరథి నది నీ కుడిచేతి వైపు లోతులో ఉంటుంది. కంచరగాడిదలు ఎదురొస్తే ఎడమవైపు, కొండకి ఆనుకుని నిలబడు. నదివైపు నిలబడ్డావంటే వాటి మూటలు తగిలి కిందికి పోతావు. చీర్‌బాసా దాటాక కొండ అంతా వదులు రాళ్ళు. పైన భరల్ మేకలు మేస్తూ కాలు కదిపితే చాలు, రాళ్ళు దొర్లుతాయి. అక్కడ ఫోటోలు, కబుర్లు పెట్టుకోకు. ఎండ ఎక్కేకొద్దీ మంచు కరిగి వాగులు పొంగుతాయి కనుక పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి భోజ్‌బాసాలో ఉంటావు. అక్కడ అన్నం, పప్పు సరిగా ఉడకలేదని సణగకు. ఆ ఎత్తున నీళ్ళు 87 డిగ్రీలకే మరిగిపోతాయి మరి.

ఇంకో 4 కిలోమీటర్లు నడిస్తే గోముఖ్. తెల్లటి మంచుకొండ ఊహించుకుని వెళ్ళావంటే ఉసూరుమంటావు. హిమనదం పైనంతా రాళ్ళూ మట్టీ కప్పేసి క్రషర్ దగ్గరి కంకర గుట్టలా ఉంటుంది. ముఖం దగ్గర విరిగిన చోట మాత్రం లోపలి మంచు నీలంగా మెరుస్తుంది. దాని కింద నుంచి నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా వస్తాయి, రాళ్ళు అరగదీసిన పిండి అదంతా. దగ్గరికి పోకు. ఆ మంచు పెళ్ళలు చెప్పి విరగవు. దూరంగా రాయి మీద కూర్చుని చూడు. వెనక భాగీరథీ శిఖరాలు మూడూ కనిపిస్తాయి. ఈ ముఖాన్ని 1935 నుంచి కొలుస్తున్నారు, అప్పటికీ ఇప్పటికీ కిలోమీటరుకి పైనే వెనక్కి పోయింది. నువ్వు నడిచే ఆ రాళ్ళమేట అంతా ఒకప్పుడు మంచు కిందిదే. గోముఖ్‌కి ఇంకా పైనున్న తపోవనం జోలికి ఈసారికి పోకు, దానికి మంచు మీద పగుళ్ళు దాటాలి.

2003లో మావాళ్ళు నాకోసం గోముఖ్ నీళ్ళు సీసాలో పట్టుకొచ్చారు. ఇంటికొచ్చేసరికి పైన తేటగా, అడుగున బూడిదరంగు మడ్డి ఒక వేలెడు. ఇప్పటికీ దేవుడి గూట్లో ఉంది. నువ్వు చిన్నప్పుడు దాన్ని కుదిపి మళ్ళీ పేరుకునేదాకా చూస్తూ కూర్చునేదానివి.

కరివేపాకు పొడి, కందిపొడి ఆదివారం మీ నాన్నతో పంపుతాను. గోంగూర పచ్చడి పంపను, అడగొద్దు. పైకెళ్ళేకొద్దీ గాలి పల్చబడి డబ్బా ఉబ్బుతుంది. పోయినసారి హర్సిల్‌లో మూత ఎగిరి, నా స్వెట్టర్ మీద పడ్డ నూనె మరక ఇంకా వదల్లేదు.

ఉంటాను,
పెద్దమ్మ