కోర్సుల జాబితా ఖాయం చేసే ముందు

చిరంజీవి బుజ్జమ్మకు పెద్దమ్మ దీవించి వ్రాయునది.

కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో ఎం.టెక్. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్‌లో నీకు సీటు వచ్చిందని మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పింది. మన ఇంట్లో నా తరువాత ఎం.టెక్.కు వెళ్తున్న ఆడపిల్లవు నువ్వే కావడంతో, ఆ సంతోషానికి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. తెల్లవారాక నువ్వు పంపిన కోర్సుల జాబితా చూశాను. డీప్ లెర్నింగ్ ఉంది, కంప్యూటర్ విజన్ ఉంది, సంభావ్యత లేదు, రేఖీయ బీజగణితం లేదు. కింద "ఆ లెక్కలు బీటెక్‌లో చదివేశాను పెద్దమ్మా" అని రాశావు. ఆ ఒక్క వాక్యం కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కోర్ కోర్సులెన్ని, ఎలక్టివ్‌లెన్ని, థీసిస్‌కు ఎన్ని క్రెడిట్లు అన్నది నియమావళిలో ఉంటుంది. సీనియర్ల మాట మీద ఆధారపడకుండా నువ్వే చదువుకో. కోర్సును వదులుకోవడానికి ఆఖరి తేదీ ఎప్పుడో క్యాలెండరులో గుర్తు పెట్టుకో. గేట్ స్కోరు మీద నెలనెలా వచ్చే 12,400 రూపాయలు నీ తిండికి, పుస్తకాలకు వాడుకో. ఇంటికి పంపాలని చూడకు.

ఇక అసలు సంగతి. 1994లో నేను ఎం.టెక్.లో చేరినప్పుడు పాటర్న్ రికగ్నిషన్ అనే ఎలక్టివ్ ఉండేది. దానికి ముందు సాంఖ్యకశాస్త్రం కోర్సు చేసి ఉండాలన్నది నియమం. ఇంజనీరింగులో చదివేశానండీ అని మా సలహాదారుకు చెప్పి, మినహాయింపు కాగితం మీద సంతకం పెట్టించుకున్నాను. చేతిరాతలోని తెలుగు అక్షరాలను కంప్యూటర్ చేత గుర్తు పట్టించడం నా ప్రాజెక్టు. హాస్టల్ పిల్లల చేత ఒక్కో అక్షరాన్ని 20 సార్లు రాయించి, ప్రతి బొమ్మనూ ఎనిమిదికి ఎనిమిది, అంటే 64 గళ్లుగా కోసి, ఒక్కో గడిలో ఎన్ని నల్ల చుక్కలున్నాయో లెక్కపెట్టాను. ఆ సంఖ్యల నుంచి ఒక్కో అక్షరానికి కోవేరియన్స్ మాత్రిక, అంటే ఏ గడి ఏ గడితో కలిసి ఎలా మారుతుందో చూపే పట్టిక కట్టి, దాని విలోమం కనుక్కోవాలి. ప్రోగ్రాము సున్నాతో భాగహారమని చెప్పి ఆగిపోయింది. ఏ అక్షరమూ మూలల్లోని గళ్లను తాకదు కాబట్టి అక్కడ ఎప్పుడూ సున్నాలే ఉన్నాయని, అదే కారణమనుకుని ఆ గళ్లను తీసేశాను. ఈసారి ప్రోగ్రాము నడిచింది, విలోమం ఇచ్చింది. అందులోని సంఖ్యలు పది, పన్నెండు అంకెల పొడవున్నా నాకు అనుమానం రాలేదు, ఎందుకంటే అనుమానించడానికి కావలసిన చదువు నా దగ్గర లేదు.

వైవా రోజున మాస్టారు కొత్త చేతిరాత ఒకటి తెమ్మన్నారు. నా సంచిలో మీ తాతయ్య రాసిన ఉత్తరం ఉంది. "అమ్మాయీ, నువ్వు క్షేమమని తలుస్తాను" అని మొదలవుతుంది. అందులోని "మ"ను స్కాన్ చేసి ఇస్తే నా ప్రోగ్రాము "య" అంది. "క"ను, "త"ను కూడా "య" అనే అంది. అప్పుడాయన కోప్పడకుండా, "నీ మాత్రికకు ర్యాంకు ఎంతమ్మా?" అని అడిగారు. ర్యాంకు అంటే మాత్రికలో ఒకదాని మీద ఒకటి ఆధారపడని వరుసలెన్ని అన్న లెక్క. 20 నమూనాల నుంచి కట్టిన ఆ మాత్రికకు ర్యాంకు 19 దాటదని, గళ్లు అంతకన్నా ఎక్కువ ఉన్నప్పుడు దానికి విలోమమే ఉండదని, దశాంశాల సవరింపులోని దోషాల వల్ల మాత్రమే కంప్యూటర్ ఏవో సంఖ్యలు ఇచ్చిందని ఆయన బోర్డు మీద నాలుగు వరుసల్లో చూపించారు. గళ్లు తగ్గించుకోవాలి, లేదా వికర్ణం మీద చిన్న సంఖ్య కలుపుకోవాలి. తెలిస్తే పావుగంట పని.

వదిలేసిన కోర్సును మరుసటి ఏడాది జూనియర్లతో కూర్చుని చదివాను. మూడు సెమిస్టర్ల చదువు అయిదు సెమిస్టర్లు పట్టింది. అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. ఆ సంగతి చెప్పలేక రెండు నెలలు ఇంటికి ఉత్తరమే రాయలేదు. మీ తాతయ్య నాకు జబ్బు చేసిందనుకుని, రాత్రి బస్సెక్కి, తెల్లవారకముందే హాస్టల్ గేటు దగ్గర నిలబడ్డారు. నీకు మార్కులు తగ్గితే ఆ సాయంత్రమే నాకు చెప్పు. ఏమీ అడగను, కూర్చుని లెక్క చూద్దాం.

నువ్వు రాసిన గేట్ పేపరు, డేటా సైన్స్ అండ్ ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్, 2024లోనే మొదలైంది. దాని సిలబస్‌లోని ఏడు భాగాల్లో మొదటి మూడూ సంభావ్యత, రేఖీయ బీజగణితం, కలనగణితమే కదా? ఇప్పుడందరూ చెప్పుకునే అటెన్షన్‌లోనైనా, అంటే వాక్యంలో ఏ మాటకు ఏ మాట ముఖ్యమో కంప్యూటర్ లెక్కగట్టే పద్ధతిలోనైనా, జరిగేది మాత్రికల గుణకారమే; వచ్చిన అంకెలను మొత్తం ఒకటయ్యేలా మార్చే చోట సంభావ్యత ఉంది. పైగా ఆ ఐఐటీలో 2019 నుంచి బీటెక్ స్థాయిలోనే ఏఐ చెబుతున్నారు. నీ పక్కన కూర్చునేవాళ్లు ఇవన్నీ రెండేళ్ల ముందే చదివి ఉండవచ్చు, నువ్వేమో ఎలక్ట్రానిక్స్ నుంచి వెళ్తున్నావు. అందుకే కంప్యూటర్ విజన్‌ను రెండో సెమిస్టర్‌కు జరిపి, ఆ స్థానంలో సంభావ్యత పెట్టుకో. డీప్ లెర్నింగ్ ఉంచుకో, నీ ఉత్సాహాన్ని నేను కాదనను.

ఆ 64 గళ్ల నోటుపుస్తకం కొరియర్‌లో పంపుతున్నాను. తాతయ్య ఉత్తరం అందులోనే ఉంది. చదివి, మడత చిరగకుండా మళ్లీ నాకు పంపు.

పెద్దమ్మ