కొత్తగా కట్టినవైతే ఏంటట? పిల్లల్ని తీసుకుని నిక్షేపంగా వెళ్ళండి

అడిగిన ప్రశ్న ఇది: "జర్మనీలో క్సాంటెన్ అనే ఊళ్ళో రోమన్ పార్కు ఉందట. అక్కడున్నవన్నీ ఈమధ్య కట్టినవేనని, అసలైన శిథిలాలు కావని అంటున్నారు. పిల్లలతో ఒక రోజు దానికి పెట్టొచ్చా, డబ్బు దండగా?"

పెట్టొచ్చు. రోజంతా పెట్టండి, పూటలో తేల్చేసి వచ్చేయకండి. ఇక "అసలైనవి కావు" అనే మాట సంగతి. ఇది వింటే నాకు ఒళ్ళు మండుతుంది. డ్యూసెల్‌డార్ఫ్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఎవరైనా క్సాంటెన్ గురించి అడగడం పాపం, "అక్కడేముంది, డూప్లికేటు, దానికన్నా రోమ్ వెళ్ళండి" అని నలుగురు లేస్తారు. వాళ్ళు రోమ్ వెళ్ళి ఏం చేశారయ్యా అంటే, ప్యాకేజీ బస్సు దిగి, కొలోసియం ముందు ఫొటో దిగి, ఎండలో రెండు గంటలు క్యూలో నిలబడి వచ్చారు. ఆ ఇంటి పిల్లవాణ్ణి కదిపి చూడండి, అక్కడ తిన్న ఐస్‌క్రీం గురించి తప్ప ఒక్క ముక్క చెప్పలేడు. రోమ్ గొప్పది కాదని నేననను. కానీ ఎనిమిదేళ్ళ పిల్లకి విరిగిన స్తంభం చూపించి "ఇది గుడి" అంటే ఆ పిల్ల ఎలా నమ్మాలి? గుడి ఎంత ఎత్తుంటుందో, లోపల చీకటిగా ఉంటుందో వెలుతురుగా ఉంటుందో ఎలా తెలియాలి?

క్సాంటెన్‌లో ఉన్నది గాల్లోంచి ఊహించి కట్టిన సినిమా సెట్టు కాదు. అక్కడ నిజంగానే రోమన్ పట్నం ఉండేది. క్రీ.శ. 100 ప్రాంతంలో ట్రాజన్ చక్రవర్తి దానికి కొలోనియా హోదా, అంటే రోమన్ పౌరుల పట్నమన్న హోదా ఇచ్చాడు, పేరు కొలోనియా ఉల్పియా ట్రయానా. చుట్టూ ప్రాకారంతో 73 హెక్టార్లు, మన లెక్కలో 180 ఎకరాలు. పదివేల మంది దాకా ఉండేవాళ్ళని చెబుతారు. రోమన్లు పోయాక ఊరు పాడుబడింది. మధ్యయుగాల వాళ్ళు దక్షిణంగా కొంచెం జరిగి, పెద్ద చర్చి చుట్టూ కొత్త ఊరు కట్టుకున్నారు. పాత ఊరి రాళ్ళు పీక్కెళ్ళి ఇళ్ళకీ చర్చిలకీ వాడుకున్నారు. దాంతో పైన ఏమీ మిగల్లేదు, కింద పునాదుల ఆనవాళ్ళు మాత్రం పొలాల అడుగున పడి ఉన్నాయి. యూరప్‌లో చాలా రోమన్ పట్నాల నెత్తిన ఇప్పటి ఊళ్ళు కూర్చున్నాయి. ఇక్కడ ఆ గొడవ లేదు. అందుకే తవ్వి, ఏ గోడ ఎక్కడుందో చూసుకుని, ఆ చోటునే, ఆ కొలతలతోనే కొన్నింటిని తిరిగి లేపారు. 1977లో పార్కు తెరిచారు. తర్వాత ఆ పాత రోమన్ ఊరి మధ్యలోంచి పోతున్న పెద్ద రోడ్డును పక్కకి మళ్ళించి మరీ పార్కును పెంచారు. చరిత్ర కోసం హైవేని జరిపిన వాళ్ళని పట్టుకుని డూప్లికేటు అంటే ఎలా?

నాకు ఇంత పట్టుదల ఎందుకంటే, నాన్న అక్కడ తిరిగిన రోజు చూశాను కాబట్టి.

మా నాన్న తాపీ మేస్త్రీ. మాచర్ల దగ్గర మా ఊళ్ళోనూ, చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఆయన కట్టిన ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆయన తండ్రి, అంటే మా తాత, నాగార్జునసాగర్ డ్యాం కట్టేటప్పుడు అక్కడ రాతిపని చేశాడు. నాన్న మా దగ్గరికి వచ్చినప్పుడు కొలోన్ కెథెడ్రల్ చూపించాం, రైన్ మీద పడవ ఎక్కించాం. అన్నింటికీ "బాగుందమ్మాయ్" అన్నారు, అంతే. పెద్దవాళ్ళు మర్యాద కోసం అనే బాగుంది మనకి తెలియనిదా. క్సాంటెన్‌కి పిల్లల కోసమని వెళ్ళాం, ఆయన కూడా వచ్చారు.

రేవు దగ్గరి గుడి ముందు మొదటిసారి ఆగిపోయారు. రోమన్ల కాలంలో రైన్ పాయ ఒకటి పట్నం పక్కనుంచే పోయేది. ఇప్పుడు నది దూరం జరిగిపోయింది, గుడి మాత్రం గడ్డి మధ్యలో నిలబడి ఉంటుంది. దాన్ని పూర్తిగా కట్టలేదు. ఎత్తయిన అరుగు, దాని మీద కొన్ని స్తంభాలు పూర్తి ఎత్తున, కొన్ని సగంలో ఆపేసి ఉంటాయి. ఆధారం ఎంతవరకు దొరికిందో అంతవరకే లేపారన్న సంగతి చూడగానే తెలిసిపోతుంది. ఆ అరుగు కిందికి దిగితే అసలు రోమన్ పునాది కనిపిస్తుంది. కొత్త కట్టడం బరువు దాని మీద పడకుండా కట్టారు. నాన్న అక్కడ వంగి చాలాసేపు చూశారు. పైన స్తంభాల సంగతి అడగలేదు. "సున్నమే కదా ఇది. గానుగ సున్నం. ఇన్నేళ్ళు పట్టుకునుందంటే ఎంత ఓపిగ్గా కలిపారో" అన్నారు. పిల్లలు బయట మెట్ల మీద పరుగులు తీస్తున్నారు, ఆయన మాత్రం పైకి రాలేదు.

అసలు సంగతి పనివాళ్ళ ఇళ్ళ దగ్గర జరిగింది. వీటిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు, గుడీ, ఆంఫీథియేటరూ (చుట్టూ మెట్ల వరసలున్న ఆటల మైదానం) చూసి వెళ్ళిపోతారు. చేతిపనుల వాళ్ళు ముందు దుకాణం, వెనక ఇల్లు పెట్టుకుని బతికిన వరస ఇళ్ళు అవి. గోడలు మట్టివి. చెక్కల మధ్య మట్టి పోసి, దిమ్మిసతో కొట్టి, మళ్ళీ పోసి, మళ్ళీ కొట్టి లేపినవి. అప్పటి పద్ధతిలో కడితే ఏమవుతుందో తెలుసుకోడానికి పరిశోధకులు దాన్నో ప్రయోగంగా చేశారు. సున్నం పూత లేని చోట పొర మీద పొర గీతల్లా కనిపిస్తుంది, చెయ్యి పెడితే గులకరాళ్ళు తగులుతాయి.

నాన్న గోడని అరచేత్తో తట్టారు. తర్వాత మూలకి వెళ్ళి ఒక కన్ను మూసి నిలువు చూశారు. గుండు దారం చేతిలో లేకపోయినా ఆయన కన్నుకి తెలుస్తుంది. అక్కడ ట్యూనిక్ లాంటి బట్టలు వేసుకుని, పిల్లలకి ఏదో పని చూపిస్తున్న ఒక పెద్దాయన ఉన్నాడు. నాన్న నా వైపు తిరిగి, "అమ్మాయ్, అడుగు ఇతన్ని. మట్టి ఎంత తడిగా వేశారంట?" అన్నారు. నేను నాకు వచ్చిన జర్మన్‌లో అడిగాను. ఆయన నవ్వి, పిడికిట్లో మట్టి పట్టుకుని పిసికినట్టు చేసి, ముద్ద నిలబడాలి కానీ చేతికి అంటకూడదని చూపించాడు. నాన్న నేను అనువదించేదాకా ఆగలేదు. తనూ అదే పిడికిలి పట్టి, భుజం ఎత్తు నుంచి కిందికి వదిలినట్టు చేసి, నేల మీద పడితే ముద్ద పగలాలి, చితకకూడదని సైగ చేశారు. ఆయన "యా, యా, గెనావ్" అని తలాడించాడు. అవునవును, సరిగ్గా అదే అని. ఇక అక్కడినుంచి నాతో పనే లేకపోయింది. ఒకరు చూరు చూపిస్తే ఇంకొకరు వానజల్లు ఎటు కొడుతుందో చేత్తో గీస్తారు. మా ఇద్దరు పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. తాతయ్యకి జర్మన్ రాదని వాళ్ళకి తెలుసు, మరి ఈ మాట్లాడేది ఏమిటి?

బయటికొచ్చాక మా పెద్దది అడిగింది, "తాతయ్యా, రోమన్లు కూడా మన ఊరి లాంటి ఇళ్ళలోనే ఉన్నారా?" అని. "కూలినాలి చేసేవాడు ఎక్కడైనా చేతికందిన మట్టితోనే కట్టుకుంటాడమ్మా. రాతి మేడలు దొరలవి" అన్నారు నాన్న. మా అమ్మాయి స్కూల్లో రోమన్ల పాఠం ఉంది. అందులో అంతా సీజర్లు, యుద్ధాలు. చెప్పులు కుట్టేవాడు, ఎముకతో సూదులు చెక్కేవాడు ఎక్కడ పడుకున్నాడో ఆ పాఠంలో ఎక్కడా లేదు. మన పుస్తకాలేం తక్కువ తినలేదు. శాతవాహనులంటే రాజుల పేర్లు వరసగా బట్టీ పట్టాం, ధాన్యకటకంలో మామూలు మనిషి ఇల్లు ఎలా ఉండేదో నాకు ఒక్క టీచరూ చెప్పలేదు.

సత్రం కూడా తప్పకుండా చూడండి. పూర్తిగా తిరిగి కట్టిన భవనం, పక్కనే స్నానశాల. నేల కింద ఇటుక దిమ్మెల మీద గచ్చు నిలబెట్టి, బయట పొయ్యిలో మంట వేస్తే వేడిగాలి ఆ దిమ్మెల మధ్యనుంచి పాకి, గోడల్లో పెట్టిన బోలు పెంకుల గుండా పైకి పోతుంది. పుస్తకంలో బొమ్మ చూస్తే ఇది బుర్రకెక్కదు. ఇక్కడ ఆ గదిలో నిలబడితే చాలు, మా చిన్నవాడికి కూడా అర్థమైపోయింది. భోజనం దగ్గర మాత్రం ముందు జాగ్రత్త పడండి. అక్కడ రోమన్ పద్ధతి వంటలు పెడతారు, తేనె వాసన కాస్త ఎక్కువ. శాకాహారులకి పెద్దగా ఛాయిస్ ఉండదు, మా నాన్నలాంటి వాళ్ళకైతే అసలే ఉండదు. మేము పులిహోర కట్టుకెళ్ళి గడ్డి మీద కూర్చుని తిన్నాం.

ఆంఫీథియేటర్ గురించి చెప్పక్కర్లేదు, ఎటూ మీ పిల్లలే లాక్కెళతారు. పదివేల మంది పట్టేదట. ఒక వైపు పూర్తి ఎత్తున లేపారు, మిగతాది కిందివరకే ఉంచారు. వేసవిలో ఇప్పటికీ అక్కడ సంగీత కార్యక్రమాలు జరుగుతాయి. పై వరసలో కూర్చున్నప్పుడు నాన్న చాలాసేపటి తర్వాత అన్న మాట: "అనుపులో ఉన్నదీ ఇలాంటిదే కదా."

ఆ మాట దగ్గరే నా అసలు బాధ మొదలవుతుంది. తెలియనివాళ్ళకి చెబుతాను. నాగార్జునసాగర్ నీళ్ళ కింద ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. డ్యాం రాబోతోందని 1954 నుంచి 1960 దాకా ఆ లోయంతా తవ్వారు. గుళ్ళు, విహారాలు, స్నానఘట్టం, చుట్టూ మెట్లున్న క్రీడాస్థలం బయటపడ్డాయి. అందులో కొన్నింటిని నాగార్జునకొండ మీదికి, కొన్నింటిని అనుపుకి తరలించి తిరిగి అమర్చారు. ఆ క్రీడాస్థలం ఇప్పుడు అనుపులో ఉంది. ఇంకో సంగతి, నాగార్జునకొండ తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో రోమన్ వెండి నాణేలు వెయ్యికి పైగా ఒకే చోట దొరికాయి. ట్రాజన్ క్సాంటెన్‌కి హోదా ఇచ్చిన కాలానికి మన దగ్గర శాతవాహనులు ఏలుతున్నారు. మన రేవుల నుంచి సరుకు వాళ్ళకి వెళ్ళేది, వాళ్ళ నాణెం మనకి వచ్చేది. అంటే మన పిల్లలకి రోమన్లు బొత్తిగా పరాయివాళ్ళేమీ కాదు.

మరి అనుపు వెళితే ఏముంది? మెట్లున్నాయి, మధ్యలో నిలబడి మాట్లాడితే గంట కొట్టినట్టు వినిపిస్తుంది, అంతే. అక్కడ ఏ ఆట ఆడేవాళ్ళో, జనం ఎటునుంచి వచ్చేవాళ్ళో, ఆ పక్క వీధిలో కంసాలి ఇల్లు ఎలా ఉండేదో చూపించే కట్టడం ఒక్కటీ లేదు. తవ్విన వాళ్ళు ఇళ్ళ పునాదులు కూడా గీసి పెట్టారు. అనుపులోనో ఒడ్డునో ఒక పదెకరాలు తీసుకుని, ఆ గీతల ప్రకారం ఒక వీధి లేపడానికి ఏం అడ్డం? ఇటుక కొలత మనకి తెలుసు. పనివాళ్ళు మాచర్లలోనే ఉన్నారు, మా నాన్న దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే ఓ పాతికమంది ఉంటారు. అలా కడితే "అసలైనది కాదు" అని ముఖం చిట్లించే మేధావులు అప్పుడూ ఉంటారు. అసలు ఆ క్రీడాస్థలాన్నే మునగబోయే చోటునుంచి ఎత్తి తెచ్చి తిరిగి అమర్చారు, మరి దాన్నేమంటారు వాళ్ళు?

సరే, మీ ప్రశ్నకి వస్తాను. డూయిస్‌బర్గ్ నుంచి చిన్న రైలు నేరుగా క్సాంటెన్ వెళుతుంది, స్టేషన్ నుంచి నడిచే వెళ్ళొచ్చు. 18 ఏళ్ళలోపు పిల్లలకి టికెట్ లేదు, పెద్దవాళ్ళ టికెట్‌లోనే మ్యూజియం కూడా కలిసి ఉంటుంది. ఆ మ్యూజియాన్ని రోమన్ పట్నపు పెద్ద స్నానశాల పునాదుల మీద, దాని ఆకారంలోనే కట్టారు. లోపల రోమన్ల సరుకు పడవ ఒకటి వేలాడదీసి ఉంటుంది, దగ్గర్లోని కంకర గుంటలో దొరికింది. అసలైనవి కావాలనేవాళ్ళకి అక్కడ కావలసినన్ని ఉన్నాయి. 2021లో రైన్ వెంబడి రోమన్ సరిహద్దును యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఈ పట్నం స్థలం కూడా అందులో చేరింది, అది కూడా మీవాళ్ళకి చెప్పండి.

వేసవిలో, వారాంతంలో వెళ్ళండి. చేతిపనులు చూపించేవాళ్ళు ఉండే అవకాశం అప్పుడు ఎక్కువ. గాలి బాగా వీస్తుంది, పిల్లలకి ఒక జాకెట్ పెట్టుకోండి. మ్యూజియం మధ్యాహ్నం తర్వాతకి ఉంచుకోండి, పొద్దున్నే అందులోకి వెళితే పిల్లలు గాజు పెట్టెల ముందే అలిసిపోతారు. మీ అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటే వాళ్ళని ఇంట్లో టీవీ ముందు వదిలేసి వెళ్ళకండి. చేతిపని తెలిసినవాళ్ళైతే మరీ ముఖ్యం, ముందు ఆ మట్టిగోడల ఇళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి.